సైకిలుపై పనికి వెళ్ళేవారికి

తెల్లవారకముందే తలుపు తీసి, గోడకు ఆనించిన సైకిలును చప్పుడు కాకుండా వీధిలోకి దించుకునే మనుషులు మన బస్తీలలో ఇప్పటికీ తక్కువేమీ కాదు. ఫజ్ర్ అజాన్ పలకవలసిన మౌజన్, పాలు పోసే మనిషి, దర్జీ దుకాణపు కారీగరు, ఆసుపత్రిలో ఉదయపు డ్యూటీకి హాజరు కావలసిన ఆయా, ట్యూషన్‌కు పరుగెత్తే విద్యార్థి, వీరందరికీ ఆ రెండు చక్రాలే ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో సుమారు 13 శాతం మంది సైకిలుపైనే పనికి వెళ్ళేవారు. అప్పటికి మోటారు సైకిళ్ళు, స్కూటర్లపై వెళ్ళేవారి సంఖ్య కూడా దాదాపు అంతే. అయినా సైకిలు గురించి పత్రికలలో ఏదైనా కనబడితే అది ఆదివారం ఉదయం వ్యాయామానికి బయలుదేరేవారి గురించో, వేల రూపాయల గేరు సైకిళ్ళ గురించో అయి ఉంటుంది. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైంది. మంచి బాటే. అయితే యాకుత్‌పురా నుండి బేగంబజారుకు వెళ్ళే కూలీకి, గుంటూరు ఆనందపేట నుండి మిర్చి యార్డుకు వెళ్ళే హమాలీకి ఆ బాట ఎదురుకాదు. వారికి ఎదురయ్యేది ఆర్టీసీ బస్సు, ఇసుక లారీ, మూత లేని మురుగు కాలువ. ఈ నెల మేము వారి కోసమే, వారిని సాగనంపే ఇంటివారి కోసమే రాస్తున్నాము.

ముందుగా ఖర్చు సంగతి రెండు మాటలలో ముగిద్దాం. రానూ పోనూ రోజుకు 12 కిలోమీటర్లు ప్రయాణించేవారు నెలకు 26 పనిదినాలలో 312 కిలోమీటర్లు తిరుగుతారు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఇది ఏడు లీటర్ల పెట్రోలు. లీటరు ధర నూరు రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఏడు వందల పైచిలుకు అవుతుంది. దానిపై నెల కిస్తీ, బీమా, సర్వీసింగు వేరు. సైకిలు తొక్కేవారు ఆ సొమ్ములో పదో వంతు దాని సంరక్షణకు కేటాయించినా అది ఏళ్ళ తరబడి సేవ చేస్తుంది. కేటాయించరు, అదే చిక్కు. మోటారు బండికి ఆయిలు మార్చడం మరువని మనిషి సైకిలు బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము ఇనుమును గీరుకుంటున్నా నెలల తరబడి అలాగే తొక్కుతూ ఉంటారు. బీదవాని వాహనం కదా, దానికి మరమ్మతు ఏమిటనే చిన్నచూపు మనలో ఎక్కడో ఉంది. ఆ చిన్నచూపుకు మూల్యం చెల్లించేది మాత్రం తొక్కే మనిషి మోకాళ్ళూ, ప్రాణమూ.

మోకాళ్ళ మాట వచ్చింది కాబట్టి సీటు దగ్గర మొదలుపెడదాము. సాయంత్రం ఇంటికి చేరి మోకాళ్ళు పట్టుకుని కూర్చునే సైకిలువాలాలలో చాలామందికి అసలు జబ్బు సీటు కిందికి ఉండటమే. కూర్చున్నచోటు నుండి రెండు పాదాలూ నేలపై పూర్తిగా ఆనితే క్షేమమని భావించి సీటును దించుకుంటారు. అప్పుడు తొక్కిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుని బరువంతా దానిపైనే పడుతుంది. సరిచూసుకునే పద్ధతి తేలిక. గోడను ఆసరా చేసుకుని సీటుపై కూర్చోండి. ఒక పెడలును అట్టడుగుకు తెచ్చి దానిపై మడమను ఉంచండి. కాలు నిటారుగా చాచుకోవాలి, నడుము ఒక పక్కకు వాలకూడదు. ఆ ఎత్తులో సీటును బిగించి, పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. ఆగినప్పుడు మునివేళ్ళు నేలకు తగిలితే చాలు. సీటు కడ్డీని పైకి లాగేటప్పుడు కనీసం రెండున్నర అంగుళాలు ఫ్రేము లోపలే ఉండేలా చూడాలి. లేకుంటే గతుకుల దారిలో అది విరిగే ప్రమాదం ఉంది. మన పాత నమూనా సైకిళ్ళు 20, 22, 24 అంగుళాల ఫ్రేములలో వస్తాయి. పొట్టివారు తండ్రిగారి 24 అంగుళాల సైకిలును వారసత్వంగా స్వీకరించి కష్టపడటం కంటే దానిని మార్చి తమకు తగినది తెచ్చుకోవడం మేలు. పై గొట్టానికి ఇరువైపులా కాళ్ళుంచి నిలబడితే రెండు పాదాలూ నేలపై చదునుగా ఆనాలి. అదే కొలత.

ఇక గాలి. గాలి తగ్గిన టైరుతో తొక్కడమంటే రోజంతా ఎత్తు ఎక్కుతున్నట్లే. అంతేకాక గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. వారానికి ఒకసారి తప్పక గాలి కొట్టాలి. ఎంత కొట్టాలన్నది టైరు పక్కగోడపైనే ముద్రించి ఉంటుంది. కొలిచే సాధనం లేనివారు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడవచ్చు: ముందు టైరు కొద్దిగా లొంగాలి, వెనుక టైరు దాదాపు లొంగకూడదు, ఎందుకంటే మనిషి బరువులో ఎక్కువ పాలు వెనుక చక్రమే మోస్తుంది. ఇంట్లో ఒక చేతిపంపు ఉంచుకోవడం మంచిది. పంక్చరు కాకుండానే తరచూ గాలి దిగిపోతూ ఉంటే ముందుగా వాల్ ట్యూబును అనుమానించండి. పాత తరహా వాల్వులో సన్నని రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. ఎండకు అది పగులుతుంది. దాని ఖరీదు చాలా స్వల్పం. అది తెలియక కొత్త ట్యూబు కొన్నవారు మాకు తెలుసు.

పంక్చరు వేయడం ఇంట్లో ఒకరైనా నేర్చుకోవాలి. తెల్లవారుజామున ఐదు గంటలకు ఏ దుకాణమూ తెరిచి ఉండదు. సొల్యూషన్ ట్యూబు, నాలుగు ప్యాచీలు, గరుకు కాగితం ముక్క, టైరు విప్పే రెండు చెంచాలు ఒక చిన్న డబ్బాలో ఇముడుతాయి. స్క్రూడ్రైవరుతో టైరు విప్పకండి, దాని మొన ట్యూబును కొరుకుతుంది. గాలి నింపిన ట్యూబును నీళ్ళ బకెట్టులో ముంచితే బుడగలు వచ్చిన చోటే చిల్లు. అక్కడ తడి పూర్తిగా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనివ్వాలి. తొందరపడి తడి మీదే ప్యాచీ అంటించడం వల్లనే అది మరునాటికి ఊడివస్తుంది. ఐదు నిమిషాల ఓర్పు కావాలి, అంతే. ఆ తరువాత చేయవలసిన పని ఒకటుంది, దానిని చాలామంది విస్మరిస్తారు: టైరు లోపలి వైపు వేళ్ళతో మెల్లగా తడిమి చూడటం. తుమ్మముల్లు, పల్లేరుకాయ, గాజు పెంకు, లారీ టైర్ల నుండి రాలిన సన్నని ఉక్కుతీగ ఇంకా అక్కడే గుచ్చుకుని ఉంటే కొత్తగా వేసిన ప్యాచీ వీధి మలుపు కూడా దాటదు. ఉక్కుతీగ కంటికి ఆనదు, వేలికే తగులుతుంది.

బ్రేకుల విషయంలో మేము కొంత కఠినంగానే మాట్లాడతాము. రెండు బ్రేకులూ పనిచేయని సైకిలును రోడ్డు మీదికి తేకూడదు. వెనుక బ్రేకు ఒక్కటి చాలు, ముందు బ్రేకు పడితే బోర్లా పడతామనే భయంతో దానిని ఊడదీసి తిరిగేవారున్నారు. నిజానికి ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకుకే ఉంటుంది, ఎందుకంటే ఆగే సమయంలో బరువు ముందుకు ఒరుగుతుంది. రెండింటినీ కలిపి, క్రమంగా బలం పెంచుతూ పట్టడం అలవాటైతే బోర్లా పడే భయం ఉండదు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న సైకిలు ఒక్క సెకనులో నాలుగు మీటర్లు దూసుకుపోతుంది. ఎదుట పిల్లవాడు అడ్డం వచ్చాడని మీ కన్ను గ్రహించి చెయ్యి కదిలేలోగానే ఆ నాలుగు మీటర్లు గడిచిపోతాయి. అరిగిన రబ్బరు ఇంకో నాలుగు మీటర్లు అడుగుతుంది.

వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. మన సాధారణ సైకిళ్ళకు ఉండేవి తళతళలాడే ఉక్కు రిమ్ములు. తడిస్తే వాటిపై రబ్బరుకు పట్టు దొరకదు, పొడి దారిలో ఆగే దూరానికి ఎన్నో రెట్లు జారుతూ పోతుంది. కాబట్టి వానలో నెమ్మదిగా వెళ్ళడమే కాదు, ఆగవలసిన చోటుకు చాలా ముందుగానే బ్రేకును తేలికగా ఒత్తి రిమ్ముపై నీటిని తుడిచి, ఆ తరువాత గట్టిగా పట్టాలి. తడిసిన ఇనుప మూతలు, రోడ్డుపై తెల్లరంగు చారలు, ఆయిలు మరకలపై హ్యాండిల్ తిప్పవద్దు, బ్రేకు వేయవద్దు, తిన్నగా దాటిపోండి. రైలు పట్టాలను ఏటవాలుగా దాటితే చక్రం సందులో ఇరుక్కుంటుంది. పట్టాలకు ఎదురుగా నిటారుగా దాటండి, లేదా దిగి నడిపించండి. నీరు నిలిచిన వీధిలో లోతు తెలియదు, కాలువ మూత ఉందో లేదో తెలియదు. అక్కడ దిగి, గోడ వారగా కాక మనుషులు నడుస్తున్న జాడలోనే నడవడం ఉత్తమం. వానలో తడిసిన చైనును ఇంటికి రాగానే పాతగుడ్డతో తుడిచి, లింకు లింకుకు ఒక్కో చుక్క మిషను ఆయిలు వేసి, మిగిలిన జిడ్డును మళ్ళీ తుడిచివేయాలి. వంటనూనె వద్దు. అది కొద్ది రోజులకే బంకలా మారి దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఇంతవరకూ చెప్పినది యంత్రం సంగతి. రోడ్డు మీద ఎక్కడ ఉండాలన్నది అంతకంటే పెద్ద సంగతి. ఎడమ అంచును అంటిపెట్టుకుని పోతే క్షేమమని సైకిలు తొక్కేవారి నమ్మకం. అంచున ఉండేది ఇసుక, గాజు పెంకులు, తెగిన తారు, కాలువ జాలీ. పైగా అంచున పోయే మనిషిని డ్రైవరు లెక్కలోకి తీసుకోడు, పక్కనుండి రాసుకుంటూ దూరిపోతాడు. అంచు నుండి సుమారు ఒక బారెడు లోపలగా, తిన్నని గీతలో వెళ్ళండి. మధ్యమధ్య ఆగి ఉన్న వాహనాల సందుల్లోకి దూరుతూ బయటికి వస్తూ పాములా పోవడం అన్నిటికంటే ప్రమాదం, వెనుకవారికి మీరు ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతారు. ఆగి ఉన్న కారు పక్కగా వెళ్ళేటప్పుడు దాని తలుపు పూర్తిగా తెరుచుకున్నా మీకు తగలనంత ఎడం ఉంచండి. ఆగి ఉన్న ఆటో నుండి ప్రయాణికుడు ఏ వైపునైనా దూకవచ్చు.

లారీల, బస్సుల విషయం విడిగా చెప్పాలి. సిగ్నలు దగ్గర ఆగిన పెద్ద వాహనానికి ఎడమ పక్కన ఉన్న సందులోంచి ముందుకు చొచ్చుకుపోవాలనిపిస్తుంది. ఆ సందులోకి ఎప్పుడూ వెళ్ళవద్దు. ఎత్తైన సీటుపై కూర్చున్న డ్రైవరుకు తన ఎడమ చక్రం పక్కన ఉన్న సైకిలు కనబడదు. వాహనం ఎడమవైపు తిరిగితే దాని ముందు చక్రాలు దాటిపోయిన చోటికి వెనుక చక్రాలు రావు, అవి ఇంకా లోపలగా, ఫుట్‌పాత్‌కు దగ్గరగా కోసుకుంటూ వస్తాయి. సైకిలు నలిగేది ఆ చోటనే. వెనుక ఆగండి, ఒక్క సిగ్నలు ఆలస్యమైనా సరే. డ్యూటీలో పది నిమిషాలు ఆలస్యమైతే మేస్త్రీ తిట్టవచ్చు, సగం రోజు కూలీ కోయవచ్చు. ఆ కష్టం మాకు తెలియనిది కాదు. అందుకే ఇంటివారికి మా విన్నపం: ఉదయం టిఫిను డబ్బా పది నిమిషాలు ముందుగా చేతికందేలా చూడండి. తొందరలో బయలుదేరిన మనిషే ఆ సందులోకి దూరుతాడు.

దారి కలిసివస్తుందని ఎదురు దిశలో తొక్కడం కూడా మానుకోవాలి. మలుపు తిరిగే వాహనదారుడు వాహనాలు వచ్చే వైపే చూస్తాడు, మీరు రాకూడని వైపు నుండి వస్తున్నారు. కుడివైపు తిరగవలసి ఉంటే ముందుగా వెనక్కి చూసి, చెయ్యి చాచి, క్రమంగా మధ్యకు రండి. రద్దీ విపరీతంగా ఉంటే దిగి, నడిచేవారితో కలిసి రోడ్డు దాటండి. అందులో నామోషీ ఏమీ లేదు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని తొక్కే యువకులకు ఒక్క మాట: సైకిలుకు అద్దాలు లేవు, వెనుక వచ్చేది ఏమిటో మీకు చెప్పేది మీ చెవులే.

చీకటి గురించి. ఒకప్పుడు మన పట్టణాల్లో దీపం లేని సైకిలును పోలీసులు ఆపేవారు. మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకునే రోజులవి. ఇప్పుడు ఎవరూ ఆపరు. ఆపకపోవడం చేత అవసరం తీరిపోలేదు, వాహనాల వేగం ఎన్నో రెట్లు పెరిగింది. డిసెంబరు, జనవరి నెలల్లో ఫజ్ర్ వేళకు పూర్తి చీకటి, చాలాచోట్ల మంచు. తెల్ల కుర్తా వేసుకున్నాను కదా, కనబడతానులే అనుకోకండి. లైటు వెలుగు పడిన తరువాతనే తెలుపు కనబడుతుంది, అప్పటికి లారీ చాలా దగ్గరకు వచ్చేసి ఉంటుంది. వెనుక ఎర్రలైటు, ముందు తెల్లలైటు, రెండూ బ్యాటరీవి తక్కువ ధరకే దొరుకుతున్నాయి. పాత డైనమో దీపానికి ఒక లోపం ఉంది: సైకిలు ఆగితే అదీ ఆరిపోతుంది, రోడ్డు మధ్య ఆగినప్పుడే మనకది ఎక్కువ కావాలి. వెనుక మడ్‌గార్డు మీద, పెడళ్ళ అంచుల మీద, టిఫిను డబ్బా మీద రేడియం స్టిక్కరు అంటించండి. పెడళ్ళ మీది స్టిక్కరు పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి దూరం నుండే అది సైకిలని డ్రైవరుకు తెలిసిపోతుంది. మీ మస్జిదు మౌజన్ సాహెబ్ గారి సైకిలుకు వెనుక లైటు ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకుంటే మొహల్లా కుర్రవాళ్ళు కలిసి ఒకటి తెచ్చి బిగించవచ్చు. అది పావుగంట పని.

ఇప్పుడు మా మనసుకు అన్నిటికంటే దగ్గరైన విషయానికి వస్తున్నాము. పిల్లలను వెనుక క్యారియరుపై కూర్చోబెట్టుకుని బడికి, మద్రసాకు, నానీ ఇంటికి తీసుకువెళ్ళే తండ్రులు ఎందరో. ఆ పిల్లల పాదాలు వేలాడే చోటుకు చక్రం పుల్లలు జానెడు దూరంలో తిరుగుతుంటాయి. పాప కాస్త నిద్రమత్తులో జోగినా, పక్కకు తిరిగి చూసినా మడమ పుల్లల మధ్యకు పోతుంది. తిరుగుతున్న చక్రం పాదాన్ని లోపలికి లాగి ఫ్రేము గొట్టానికి నొక్కుతుంది. చీలమండ వెనుక చర్మం పలుచన, దానికింద కండ లేదు, నరాలూ ఎముకా వెంటనే తగులుతాయి. ఈ గాయం చూడటానికి చర్మం కోసుకుపోయినట్లే ఉండి, లోపల ఎముక చిట్లి ఉండవచ్చు. మానడానికి వారాలు పడుతుంది. పిల్లల ఎముకల వైద్యులు తరచుగా చూసే గాయాలలో ఇదొకటి. దీనిని పూర్తిగా నివారించవచ్చు, అందుకే ఇది మమ్మల్ని ఎక్కువగా బాధిస్తుంది.

నివారణ ఇలా. వెనుక చక్రానికి రెండు వైపులా, క్యారియరు నుండి ఇరుసు వరకు గట్టి ప్లాస్టిక్ జాలీ గాని, సన్నని ఇనుప వల గాని కట్టించాలి. ఏ సైకిలు దుకాణంలోనైనా ఈ పని చేసిపెడతారు. పాదాలు ఆనించుకోవడానికి ఇరువైపులా చిన్న మెట్లు బిగించాలి. కూర్చోవడానికి మెత్త, పట్టుకోవడానికి సీటు వెనుక పిడి ఉండాలి. చెప్పులు కాదు, మడమను కప్పే బూట్లు తొడగాలి. ముందు గొట్టంపై కూర్చోబెట్టుకుంటే క్షేమమని కొందరు అనుకుంటారు; అక్కడా కాలి వేళ్ళు ముందు చక్రానికి అందుతాయి, పైగా హ్యాండిల్ తిరగడానికి అడ్డం వస్తాయి. అక్కడ కూడా చిన్న సీటు, కాళ్ళ మెట్లు తప్పనిసరి. ఏడాది నిండని శిశువును ఏ విధంగానూ సైకిలుపై తీసుకువెళ్ళవద్దు. ఇద్దరు పిల్లలను ముందొకరు, వెనకొకరు ఎక్కించుకుని రద్దీ రోడ్డుపై వెళ్ళడం కూడా వద్దు.

ఒకవేళ పాదం ఇరుక్కుంటే బలంగా లాగకండి. బిడ్డను గట్టిగా పట్టుకుని, సైకిలును కదలకుండా నిలిపి, చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పండి. రాకపోతే పుల్లలను కత్తిరించండి, పుల్లల ఖరీదు ఎంతని. గాయాన్ని శుభ్రమైన నీటి ధార కింద కడిగి, ఉతికిన గుడ్డ కప్పి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్టు ఏదీ అద్దవద్దు. నడుస్తున్నాడు కదా అని ఊరుకోకుండా ఎక్స్‌రే అవసరమా అని వైద్యుని అడగండి, ధనుర్వాతం టీకా సంగతి గుర్తుచేయండి.

ఆడపిల్లల సైకిలు గురించి ఇళ్ళల్లో ఇంకా చర్చ జరుగుతూనే ఉంది. మా అభిప్రాయం దాచుకోము. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1991 నుండి అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ ఆ ప్రయత్నానికి అండగా నిలిచారు. గడప దాటడమే అరుదైన ఇళ్ళ నుండి వచ్చిన ముస్లిం యువతులూ వారిలో ఉన్నారు. లేడీస్ సైకిళ్ళు దొరకక ఆ స్త్రీలు మగవారి సైకిళ్ళే కొన్నారు, పై గొట్టం మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని వాటినే మెచ్చుకున్నవారూ ఉన్నారు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చే పథకం మొదలైంది. దానిని పరిశీలించిన కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ వయసు బాలికల ఉన్నత పాఠశాల చేరికలు 32 శాతం పెరిగాయని, బాలబాలికల మధ్య తేడా 40 శాతం తగ్గిందని లెక్కగట్టారు. బడి మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఊళ్ళలోనే ఫలితం ఎక్కువగా కనబడింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళు పంచారు. ఆరుగురు పట్టే ఆటోలో పన్నెండు మంది పిల్లలను కుక్కి పంపడానికి సందేహించని మనం, కూతురు సైకిలెక్కుతానంటే సందేహించడం విడ్డూరమే.

సందేహించవలసింది వస్త్రాల విషయంలో. బురఖా అంచు, చున్నీ కొంగు, పొడవైన కుర్తా ఇవి చైనులోనో, వెనుక చక్రంలోనో చుట్టుకుంటే క్షణంలో మనిషి నేలమీద ఉంటుంది. మెడ చుట్టూ వేసుకున్న చున్నీ చక్రంలో పడితే అది ఉరితాడే అవుతుంది. మోటారు బండ్ల వెనుక కూర్చున్నవారికి ఇటువంటి దుర్ఘటనలు జరగడం వింటూనే ఉన్నాము. చైను పూర్తిగా మూసి ఉండే కవరున్న సైకిలును, వంగిన ఫ్రేముదాన్ని ఎంచుకోండి. వెనుక చక్రం పైభాగానికి జాలీ బిగించండి. హిజాబును పిన్నులతో బిగించి కొసలను లోపలికి దోపుకోవాలి, వెనక్కి వేలాడనివ్వకూడదు. బురఖా కింది భాగాన్ని ఒక ఎలాస్టిక్ పట్టీతో మోకాలి దిగువ దగ్గరకు చేర్చుకోవచ్చు, సైకిలు దిగగానే వదిలేయవచ్చు. మొదటి వారం రోజులు తండ్రో అన్నో పక్కన మరో సైకిలుపై తోడు వెళ్ళి, ఏ కూడలి దగ్గర దిగి నడవాలో, ఏ వీధిలో కుక్కలుంటాయో చూపించిరావాలి. దగ్గరి దారి కంటే జనసంచారమూ వెలుగూ ఉన్న దారే మంచిది, అర కిలోమీటరు ఎక్కువైనా.

శిరస్త్రాణం చట్టం ప్రకారం సైకిలుకు తప్పనిసరి కాదు. పెట్టుకుంటే మంచిది, ముఖ్యంగా పిల్లలకు. కనుబొమలకు రెండు వేళ్ళ పైన నుదుటిని కప్పేలా పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాలి. టోపీపై దొప్పలా వెనక్కి వాలి ఉన్న హెల్మెటు దండగ.

బరువులు మోసేవారికి: హ్యాండిలుకు ఇరువైపులా సంచులు తగిలించడం మానండి. ఒక సంచి ఊగి ముందు చక్రంలో పడితే సైకిలు నిలువునా తల్లకిందులవుతుంది. బరువు ఎంత వెనుక, ఎంత కిందుగా ఉంటే అంత నిలకడ. క్యారియరుకు రబ్బరు తాళ్ళతో కట్టి, వేలాడే కొసను తప్పక లోపలికి దోపండి.

వేసవిలో, అందులోనూ రంజాన్ వేసవిలో వచ్చినప్పుడు, ఉపవాసంతో సైకిలు తొక్కేవారి సంగతి ప్రత్యేకం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక మోస్తరు వేగం సాధ్యమే. మధ్యాహ్నం తరువాత వేగాన్ని సగానికి తగ్గించుకోవాలి, నీడ ఉన్న వైపు వీధిని ఎంచుకోవాలి, తలపై తడిగుడ్డ కప్పుకోవాలి. కళ్ళు చీకట్లు కమ్మినా, చెమట ఆగిపోయి చర్మం పొడిగా వేడిగా మారినా వెంటనే దిగి నీడకు చేరి, పక్కవారిని పిలవండి. అది వడదెబ్బకు సూచన కావచ్చు. ఇఫ్తార్‌కు ముందటి అరగంట రోడ్లన్నీ తొందరలో ఉంటాయి, అందరి కడుపులూ ఖాళీ, అందరి ఓర్పూ అంతంతే. చార్మినార్ పరిసరాల్లో ఆ వేళ సైకిలు తొక్కినవారికి వివరించనక్కరలేదు. జేబులో రెండు ఖర్జూరాలు, సైకిలుకు ఒక నీళ్ళ సీసా ఉంచుకోండి. దారిలో అజాన్ వినబడితే పక్కకు ఆగి అక్కడే ఇఫ్తార్ చేయవచ్చు. ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర మీకోసం చూస్తున్నవారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, వారు ఫోను మీద ఫోను చేయకుండా ఉంటారు.

ఆఖరుగా తాళం. వెనుక చక్రానికి ఉండే చిన్న తాళం చక్రాన్ని మాత్రమే ఆపుతుంది, సైకిలును భుజాన వేసుకుపోయేవాణ్ణి ఆపదు. గొలుసు తాళంతో ఫ్రేమును స్తంభానికో, ఊచల కిటికీకో కలిపి బిగించండి. ఫ్రేము మీద సీటు గొట్టం దగ్గర గాని, పెడళ్ళ ఇరుసు అడుగున గాని ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. దానిని ఒక కాగితంపై రాసి, కొన్న రసీదుతో పాటు బీరువాలో పెట్టండి, సైకిలు ఫోటో ఒకటి ఫోనులో ఉంచండి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చేటప్పుడు వారు మొదట అడిగేది ఆ సంఖ్యనే.